పగలు పని, రాత్రి చదువు - మరి నిద్ర ఎప్పుడు?

"ఈయనకు యాది నిలవడానికి మంచి టానిక్కు ఏదన్నా రాయండి సార్" అన్నది ఆమె, కుర్చీలో కూర్చుంటూనే. భర్త తల వంచుకుని వున్నాడు. కళ్ళు ఎర్రగా వున్నాయి. మెడ పక్కకు తిప్పమంటే మెడ తిరగలేదు, భుజాలతో సహా మనిషే తిరిగాడు.

అతని వయసు 36. పన్నెండేళ్ళుగా వెబ్‌సైట్లు తయారుచేసే వుద్యోగం. వెబ్ డెవలపర్ అంటారు. కంపెనీ హైదరాబాదులో వుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కంప్యూటరు చంకన పెట్టుకుని గోదావరిఖని వచ్చినవాడు, ఇంటి నుంచే పని చేస్తూ ఇక్కడే వుండిపోయాడు. తండ్రి సింగరేణి గనిలో పనిచేసి రిటైరైన మనిషి.

తలనొప్పి, కళ్ళ మంట, మెడ పట్టేయడం, కడుపులో మంట, చీటికి మాటికి పిల్లల మీద కోపం - ఇవీ అతని బాధలు. వీటన్నిటికంటే అతన్ని పీడిస్తున్నది మరొకటి వుంది.

"నిన్న నేర్చుకున్నది ఇయ్యాల గుర్తుంటలేదు సార్. నా తర్వాత చేరిన పిల్లలు నాకు తెలియని వాటి గురించి మాట్లాడుతున్నరు. ఈమధ్య మా దగ్గర ఇద్దర్ని తీసేసిన్రు. నేర్చుకోకపోతే రేపు నా వంతు. చూస్తే మెదడు మొద్దుబారింది. వయసు మించిపోయిందేమో!"

"ఎప్పుడు నేర్చుకుంటున్నారు?" అని అడిగాను.

"రాత్రి పదింటికి, పిల్లలు పండుకున్నంక. ఒక్కోసారి రెండయితది."

"పొద్దున లేచేది?"

"ఆరున్నరకు. పిల్లల బడి వుంటది గద సార్."

జబ్బు ఏమిటో అక్కడే సగం తెలిసిపోయింది. రక్తపోటు చూస్తే 146/92. మీ ఇంట్లో కూడా ఇలా పగలు వుద్యోగం చేస్తూ, రాత్రి కొత్త విద్య కోసం కుస్తీ పడుతున్న కొడుకో, అల్లుడో, కూతురో వుండవచ్చు. అందుకే ఈ వారం ఈ సంగతి మీతో చెబుతున్నాను.

వయసు మించిపోతుందా?

చాలామందికి ఒక అపోహ వుంది. చదువు చిన్నప్పుడే అబ్బుతుందనీ, ముప్పయ్యయిదు దాటితే మెదడు గట్టిపడిపోతుందనీ అనుకుంటారు. ఇది పొరపాటు.

లండన్‌లో టాక్సీ నడపాలంటే నగరంలోని సుమారు 25,000 వీధులను కంఠతా పట్టి పరీక్ష ప్యాసు కావాలి. ఇందుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. అలా చదువుతున్న పెద్దవాళ్ళ మెదళ్ళను శాస్త్రజ్ఞులు చదువుకు ముందూ, తర్వాతా స్కానింగు తీసి, ఫలితాన్ని 2011లో ప్రకటించారు. ప్యాసయిన వారి మెదడులో, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం వెనకవైపు పెరిగినట్టు తేలింది. చదివి ప్యాసు కాలేకపోయిన వారిలోనూ, అసలు చదవనివారిలోనూ ఆ మార్పు కనిపించలేదు. అంటే పెద్దయ్యాక కూడా మెదడు నేర్చుకుంటుంది. నేర్చుకోవడం వల్ల తనే మారుతుంది.

వయసుతో కొంత వేగం తగ్గే మాట నిజమే. కానీ అనుభవం వున్నవాడికి కొత్త విషయాన్ని తగిలించుకోవడానికి పాత కొక్కేలు చాలా వుంటాయి. పన్నెండేళ్ళుగా పని చేస్తున్న మనిషి, పని తెలియని కుర్రాడికంటే కొన్ని విషయాల్లో త్వరగానే అర్థం చేసుకుంటాడు.

అయితే మరుపు అనగానే అంతా అలసటే అని కొట్టిపారేయకూడదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, షుగరు, నిద్రలో గురకతో పాటు వూపిరి ఆగి ఆగి రావడం, మానసిక కుంగుబాటు - వీటిలో ఏది వున్నా మతిమరుపు వచ్చినట్టు వుంటుంది. ఇతనికి ఆ పరీక్షలన్నీ చేయించాను. అన్నీ సరిగానే వున్నాయి. లోపించింది ఒక్క నిద్రే.

నిద్ర చదువుకు శత్రువు కాదు

"నిద్ర తగ్గించుకుంటేనే చదువు వస్తుంది" అని మన పెద్దవాళ్ళు పిల్లలకు చెబుతూ వచ్చారు. శరీరధర్మం ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. పగలు మనం నేర్చుకున్నది మెదడులో పచ్చి గోడలా వుంటుంది. అది ఆరి గట్టిపడేది నిద్రలోనే. 1924లోనే అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠం వల్లెవేశాక నిద్రపోయినప్పుడు గుర్తున్నంతగా, అంతే సేపు మెలకువగా వున్నప్పుడు గుర్తుండలేదు. ఆ తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనలు దీన్నే బలపరిచాయి.

ఈ లెక్కన రాత్రి రెండు దాకా చదివి ఆరున్నరకు లేచేవాడు ఏం చేస్తున్నాడు? గోడ కట్టిన వెంటనే నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. పొద్దున చూస్తే గోడ వుండదు. "నా చేతిలో పనితనం లేదు" అని ఏడుస్తాడు.

ఇంకొక సంగతి. 1997లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, వరసగా 17 గంటలు మెలకువగా వున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం సారా వున్నవాడి చురుకుదనంతో సమానంగా వుందని తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే! ఆరున్నరకు లేచినవాడికి రాత్రి పదకొండున్నరతో 17 గంటలు నిండుతాయి. ఆ తర్వాత మీరు తెరిచే పాఠం, ఒక విధంగా మత్తులో తెరిచే పాఠమే.

పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. టీ, కాఫీలతో నిద్రను ఆపడం అప్పు చేసి పండగ చేయడం లాంటిది. తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం, అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే తిరుగుతూ వుంటుంది. కనుక సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీలు మానండి.

మొత్తం పని గంటలను కూడా లెక్క వేసుకోండి. ఇతను పగలు తొమ్మిది గంటలు, రాత్రి నాలుగు గంటలు తెర ముందే కూర్చుంటున్నాడు. అంటే అయిదు రోజులకు 65 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసే వారికంటే 55 గంటలు, అంతకు మించి పనిచేసే వారికి పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే అవకాశం 17 శాతం ఎక్కువ. ఆ లెక్క వుద్యోగపు గంటల గురించే. కానీ వుద్యోగం కోసం చేసే చదువు కూడా శరీరానికి పనే. జీతం రాదు కాబట్టి అలసట కూడా రాదనుకోకండి.

చూసినదంతా నేర్చుకున్నట్టు కాదు

"నేర్చుకోవడం అంటే ఏం చేస్తారు?" అని అడిగాను. కంప్యూటరులో పాఠాల వీడియోలు చూస్తానన్నాడు. ఒకటి పూర్తి కాకుండానే మరొకటి మొదలు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే వుంటుంది. మూసేస్తే ఏమీ వుండదు.

ఇది అందరికీ జరిగేదే. వంట చేస్తున్న అత్తగారి పక్కన నిలబడి చూస్తే పులిహోర కలపడం వచ్చేసినట్టే వుంటుంది. ఒంటరిగా పొయ్యి దగ్గర నిలబడినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. 1885లో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తన మీద తనే ప్రయోగాలు చేసుకుని ఒక లెక్క తేల్చాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు వల్లెవేస్తే, గంట తిరిగేసరికే సగానికి పైగా మరుపున పడుతున్నాయి. ఒక్క రోజులో మూడింట రెండు వంతులు పోతున్నాయి. అర్థమున్న విషయం ఇంతకంటే బాగా నిలుస్తుంది గానీ, మరుపు దాన్నీ వదలదు. మరుపు జబ్బు కాదు. మెదడు నైజం.

దీనికి మందు టానిక్కు కాదు. రెండు అలవాట్లు.

మొదటిది - పాఠం మూసేసి, చూడకుండా రాయడం. రానిచోట ఆగి, తన్నుకుని గుర్తుచేసుకోవడం. ఆ తన్నులాటే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుంది.

రెండవది - ఒక్కరోజే నాలుగు గంటలు కాకుండా, కొంచెం కొంచెంగా రోజూ చదవడం. నిన్నటిది ఇవాళ, మూడు రోజుల తర్వాత, మళ్ళీ వారం తర్వాత ఒకసారి తిరగేయడం.

ఈ రోజుల్లో అడిగిన ప్రోగ్రాము అడిగినట్టు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. పని తొందరలో వాడుకోండి, తప్పులేదు. కానీ నేర్చుకునే వేళ మాత్రం ముందు ఓ పావుగంట స్వయంగా ప్రయత్నించి, ఆ తర్వాతే అడగండి. లెక్క చేయకుండా వెనక పేజీలో జవాబు చూసిన పిల్లవాడికి లెక్క వస్తుందా?

ఎన్ని నేర్చుకోవాలి?

అతని దిగులులో సగం, నేర్చుకోవలసినవి ఎన్ని వున్నాయో అంతు తెలియకపోవడం వల్ల వచ్చింది. ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీ వృత్తిలో పాతికేళ్ళుగా వున్నవి ఒక పక్క, వచ్చి పోయేవి మరో పక్క రాయండి" అన్నాను.

ఒక పక్క హెచ్.టి.ఎమ్.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్టు అని రాశాడు. జావాస్క్రిప్టు 1995లో, సి.ఎస్.ఎస్. 1996లో వచ్చాయట. ఇప్పటికీ ప్రతి వెబ్‌సైటుకూ అవే పునాది. వాటి కిందనే సమాచారాన్ని దాచే డేటాబేసులు, దొంగలు జొరబడకుండా చూసే భద్రత, చూపు తక్కువ వారు కూడా వాడుకోగలిగేలా పేజీ తయారుచేయడం రాశాడు.

రెండో పక్క 2006 నాటి జెక్వెరీ, 2010 నాటి ఆంగ్యులర్ జె.ఎస్., 2013 నాటి రియాక్ట్ రాశాడు. ఒకప్పుడు అందరూ ఎగబడి నేర్చుకున్న ఫ్లాష్ 2020 చివరతో మూతపడింది. ఆంగ్యులర్ జె.ఎస్. బాగోగులు చూడటం దాన్ని తయారుచేసినవాళ్ళే 2022 జనవరితో మానేశారు.

రాసి, కాగితం వైపు కాసేపు చూశాడు. "పునాది పక్కది చాలావరకు నాకు వచ్చు సార్" అన్నాడు. గొంతులో బరువు కొంచెం తగ్గింది.

మేము వైద్యులం కూడా అంతే. మందులు ఏటా మారుతాయి. గుండె ఎలా కొట్టుకుంటుందో మారదు. పునాది తెలిసినవాడికి కొత్త మందు నేర్చుకోవడం వారం పని. కాబట్టి మూడు నెలలకు ఒక్క విద్య పెట్టుకోండి. అదీ మీ వుద్యోగంలో వెంటనే వాడుకునేదై వుండాలి. మిగతావి ఒక చీటీ మీద రాసి బీరువాలో పెట్టండి. మూడు నెలల తర్వాత ఆ చీటీ తీస్తే, వాటిలో కొన్ని అవసరమే లేదని మీకే తెలుస్తుంది.

"మస్టరు పడాలె బిడ్డా"

రెండోసారి వచ్చినప్పుడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను చెప్పేదంతా విని ఆ పెద్దాయన నవ్వాడు.

"మేము తట్టా చెమ్మస్ పట్టినోళ్ళం సారూ. బొగ్గు చేతులతోనే ఎత్తినం. నాకు నలభై దాటినంక ఎస్.డి.ఎల్. మిషను వచ్చింది, నేర్సుకోవాలె అన్నరు. మస్తు బుగులైంది. చదువు రానోళ్ళం, మిషనేడ నడుపుతం అనుకున్న. నేర్సుకున్న. కానీ ఆ ట్రైనింగు రాత్రిపూట ఇంటికాడ ఇయ్యలే గద! డ్యూటీలనే ఇచ్చిన్రు. మస్టరు పడ్డది. తూగుకుంట బాయిల దిగితే పాణం పోతది, అందుకే." కొడుకు వైపు తిరిగి, "నేర్సుకునుడు గూడ పనే. మస్టరు పడాలె బిడ్డా" అన్నాడు.

ఎంత మంచి మాట! గనుల్లో వృత్తి శిక్షణ కోసం 1966లో మన దేశంలో ప్రత్యేకంగా నియమాలు చేశారు. కొత్తగా చేరినవారికే కాదు, ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవారికి కూడా అయిదేళ్ళకోసారి పునశ్చరణ శిక్షణ ఇవ్వాలని వాటిలో పెట్టారు. పాతికేళ్ళ అనుభవం వున్న కార్మికుడు మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడంటే, అతనికి పని రాదని కాదు. పని మారుతుంది కాబట్టి. తట్టలు పోయి యంత్రాలు వచ్చాయి. లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. ఈ బొగ్గు పట్టణంలో రెండు తరాల వాళ్ళు నడివయసులో కొత్త పని నేర్చుకున్నవాళ్ళే. కనుక మళ్ళీ నేర్చుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

మీరూ మీ పై అధికారిని అడగండి. ఊరికే "చదువుకోవడానికి సెలవివ్వండి" అంటే ఒప్పుకోకపోవచ్చు. "పనిలో వున్న ఫలానా పాత పేజీని కొత్త పద్ధతిలో రాస్తాను, వారానికి రెండు గంటలు ఇవ్వండి" అని అడగండి. అందులో కంపెనీకీ లాభం వుంది. ఒప్పుకోకపోతే పొద్దున్నే చదవండి. అలసిన మెదడుతో చదవడం కంటే, నిద్రపోయి లేచిన మెదడుతో చదవడం మేలు.

ఇతనికి రాసిచ్చిన పద్ధతి ఇది:

1. రాత్రి పదిన్నరకల్లా పడక. పడుకునే ముందు గంట సేపు తెరలన్నీ బంద్.

2. పొద్దున అయిదున్నరకు లేచి, ఆరు నుంచి ముప్పావుగంట చదువు. వారానికి అయిదు రోజులే.

3. మొదటి పది నిమిషాలు నిన్నటిది చూడకుండా రాయడం. తర్వాత కొత్తది కొంచెం. చివర ఒక నోటుబుక్కులో ఆ రోజు తెలిసింది రెండు వాక్యాలు.

4. నేర్చుకున్న దాన్ని వారం తిరిగేలోగా ఏదో ఒక నిజమైన పనిలో వాడటం.

5. ఆదివారం చదువు లేదు. పిల్లలతో గోదావరి ఒడ్డుకు.

కళ్ళు, మెడ, నడుము

పూర్వం ఇంగ్లండు బొగ్గుగనుల్లో మసక దీపాల వెలుతురులో పనిచేసేవారికి కనుగుడ్లు వాటంతటవే కొట్టుకులాడే జబ్బు వచ్చేది. మంచి దీపాలు వచ్చాక అది పోయింది. ఇంట్లో దీపం ఆర్పేసి, మంచం మీద బోర్లా పడుకుని తెర చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారికి ఆ జబ్బు రాదు గానీ కళ్ళ మంటా, తలనొప్పీ తప్పవు. గదిలో వెలుతురు వుండాలి. కిటికీ మీకు పక్కన వుండాలి. ఎదురుగానో, వీపు వెనకో వుండకూడదు.

మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు అది సగానికి పడిపోతుంది. అందుకే కళ్ళు ఎండిపోయి మండుతాయి. ప్రతి 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో వున్న చెట్టునో గోడనో 20 సెకన్లు చూడండి. కావాలనే రెప్పలు వేయండి. తెర చేయి చాచినంత దూరంలో, దాని పై అంచు మీ కళ్ళకు సమంగా వుండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు కొనుక్కోండి. నలభై దగ్గర పడితే దగ్గరి చూపుకు అద్దాలు కావాలేమో చూపించుకోండి.

అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. సాయంత్రం కాలనీ గ్రౌండులో అరగంట వడిగా నడవండి. మన రామగుండం ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామునే నడవాలి. ఇంట్లో కూర్చున్నాం కదా అని నీళ్ళు తాగడం మరవకండి. ఒంట్లో నీరు తగ్గినా తలనొప్పి వస్తుంది, ధ్యాస నిలవదు. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగిస్తే కడుపులో మంట చాలావరకు తగ్గుతుంది.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

పదిన్నరకే పడుకున్నా మూడు వారాలపాటు నిద్ర పట్టకపోతే, చూపు మసకబారినా, వున్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, చేతివేళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి. ఛాతీనొప్పి అయితే ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్ళాలి.

మరొకటి. "నేనెందుకూ పనికిరాను", "నేను లేకపోతేనే వీళ్ళు సుఖంగా వుంటారు" అన్న మాటలు ఇంట్లో వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. ఉద్యోగ భయం లోలోపల ఎంత దూరం తీసుకుపోతుందో పైకి కనిపించదు. పక్కన కూర్చుని మాట్లాడండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

మూడు నెలల తర్వాత అతను వచ్చాడు. రక్తపోటు 132/84. మెడ తిరుగుతోంది. వాళ్ళ మేనేజరు మొదట ససేమిరా అన్నాడట. పాత పేజీ ఒకటి మార్చి చూపించాక, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు ఇచ్చాడు. రియాక్ట్‌లో రాసిన ఆ పేజీ ఇప్పుడు కంపెనీ వాడుతోంది. అంతకుమించి అద్భుతాలేవీ జరగలేదు. ఉద్యోగం పదికాలాలు వుంటుందన్న హామీ అతనికి ఎవరూ ఇవ్వలేరు, నేనూ ఇవ్వలేదు. కానీ వుద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి తల, కళ్ళు, గుండె బాగుండాలి కదా!

వెళ్ళేముందు అతని భార్య అడిగింది. "టానిక్కు రాయనే లేదు సార్!"

"రోజూ రాత్రి పదిన్నరకు ఇస్తున్నారుగా" అన్నాను. ఆమె అర్థం చేసుకుని నవ్వింది.